మొదటి సినిమా తీయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

స్క్రిప్టు చదివాను. బాగుంది, తీసెయ్. ఏ కెమెరా అద్దెకు తేవాలని అడిగావు. చేతిలో ఉన్నదానితోనే తియ్యి, ఆ డబ్బు సౌండుకు పెట్టు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా కథలో పడ్డ జనం పట్టించుకోరు. మాట వినపడకపోతే మాత్రం లేచి వెళ్లిపోతారు.

లొకేషన్ చూడ్డానికి వెళ్లినప్పుడు కాసేపు కళ్లు మూసుకుని విను. మాట మోగుతుంటే గోడలకు దుప్పట్లు కట్టించు. చప్పుడు రికార్డులో పడకుండా ఫ్రిజ్ ఆపించినప్పుడు నీ బండి తాళం అందులోనే పెట్టు, మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోయి ఇంటికి పోలేవు. సీను అవగానే అందరినీ ఉన్నచోటే కదలకుండా నిలబెట్టి ఓ 30 సెకన్లు ఖాళీ గది చప్పుడు రికార్డు చేయించు. విసుక్కుంటారు, విసుక్కోనీ. ఎడిటింగులో డైలాగుల మధ్య అతుకులు కనపడకుండా కప్పేది ఆ ముక్కే. డబ్బింగులో చూసుకుందాంలే అనుకోకు. ఆర్టిస్టు సెట్లో ఏడ్చిన ఏడుపు స్టూడియోలో మళ్లీ రావడం చాలా కష్టం.

డబ్బు తీసుకోకుండా వచ్చేవాళ్లు తమ సెలవు రోజు నీకిస్తున్నారు. వేళకు భోజనం పెట్టు, చెప్పిన టైముకు ప్యాకప్ చెప్పు. అర్ధరాత్రి దాకా సాగదీస్తే రెండో షెడ్యూలుకు ఎవరూ ఫోనెత్తరు. టైటిల్స్‌లో పేరు ఎలా వెయ్యాలో వాళ్లనే అడిగి రాసుకో. ఇవాళ నీకు లైటు పట్టినవాడు రేపు తన సినిమా మొదలుపెడతాడు. అప్పుడు పిలవకముందే వెళ్లు. మనలాంటివాళ్ల సినిమాలు ఇన్నేళ్లుగా పూర్తవుతున్నాయంటే ఇలాగే.

ఇక కాగితాలు. నటించినవాళ్లతో, పాట ఇచ్చినవాళ్లతో షూటింగుకు ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకో, స్నేహితులైనా సరే. అమెరికా దర్శకుడు జార్జ్ రొమేరో 1968 నాటి సినిమా 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' సంగతి తెలుసుగా? విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు ప్రింట్ల మీద హక్కులు ఎవరివో చెప్పే కాపీరైట్ లైను ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ సినిమా అందరి సొత్తయింది. ఎవరు పడితే వాళ్లు వేసుకున్నారు, తీసినవాళ్లకు రావాల్సింది రాలేదు. ఇప్పుడు ఆ రూలు లేదు కానీ, ఒక్క కాగితం సరిగ్గా లేక ఆగిపోయే సినిమాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఫుటేజీ ఏ రోజుది ఆ రాత్రే రెండు డిస్కుల్లోకి ఎక్కించు. ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే కార్డు ఖాళీ చెయ్యి.

తేదీలు ఖాయమవగానే చెప్పు. బూమ్, అదే పొడవాటి కర్రకు కట్టిన మైకు, పట్టడానికి మనిషి దొరక్కపోతే నేనొస్తాను.

మీ అన్నయ్య