పాత ల్యాప్‌టాప్‌లో మింట్ వేశాక వైఫై రాకపోతే

అన్నా, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో తేలికైన రకం) వేశాక వైఫై కనిపించడం లేదన్నారు కదా. టెన్షన్ పడకండి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. మీది బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై కార్డు. వాటిలో కొన్నింటి డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) ఓపెన్ సోర్స్ కాదు, అంటే దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉండదు, అందుకే తనంతట తాను ఎక్కదు.

ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) ఆన్ చేయండి. నెట్ వస్తుంది. మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిచి, బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఎంచుకుని, రీస్టార్ట్ చేయండి. అయినా రాకపోతే బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి, అది సంతకం లేని డ్రైవర్లను అడ్డుకోవచ్చు.

ఇంకో మాట. హార్డ్ డిస్కే ఉంటే తీసేసి సాటా ఎస్‌ఎస్‌డీ (అదే చోట పట్టే, హార్డ్ డిస్క్ కన్నా వేగమైన స్టోరేజ్) వేయించండి. తిరుపతిలో మా నాన్న ల్యాప్‌టాప్‌కి అలాగే వేయించాం, ఇప్పుడు చాలా త్వరగా తెరుచుకుంటోంది. డ్రైవర్ మేనేజర్‌లో ఏం కనిపించిందో చెప్పండి, చూద్దాం.