పాత విమానం బేరం: మీ కేసంతా ఆ పాత ఫోన్‌లోనే ఉంది

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. సొంతంగా విమానం నడపాలన్నది చిన్ననాటి కోరిక. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర రెండు సీట్ల పాత లైట్ స్పోర్ట్ విమానం 26 లక్షలకు కొన్నాను. 2023 ఆగస్టు 18న ఇక్కడి బ్యాంకు నుంచే ఆర్‌టీజీఎస్ చేశాను. అదే రోజు విమానం, లాగ్‌బుక్ (ఇంజన్ వివరాలు, మరమ్మతులు రాసే పుస్తకం) ఇచ్చేశారు. ఇంజన్ 2016ది, 410 గంటలే తిరిగిందని అంతకుముందు వాట్సాప్‌లో రాశారు. కిందటి నవంబరులో ఇంజనీరు చూసి అది 2009 ఇంజన్ అన్నారు. సేల్ లెటర్‌లో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని ఉంది. ఓవర్‌హాల్ (ఇంజన్‌ని పూర్తిగా విప్పి బాగుచేయడం) అయినట్టు పాత తేదీతో లాగ్‌బుక్‌లో రాసిస్తానని ఒక మెకానిక్ అంటున్నాడు. మా ఆవిడ నగలు తాకట్టులో ఉన్నాయి, రాత్రిళ్లు నిద్ర లేదు. ఆ మెసేజ్ ఉన్న పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌కి ఇద్దామనుకుంటున్నాను. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ఆ ఫోన్ ఎవరికీ ఇవ్వకండి. మీ ఉత్తరంలో కేసును తేల్చే వాక్యం అదొక్కటే. దాన్ని మీరు మాటవరసకు రాశారు.

‘ఉన్నది ఉన్నట్టుగా’ అని సంతకం పెట్టాక ఇంజన్ బాగాలేదంటే కోర్టు వినదు. కానీ తెలిసి తెలిసి అబద్ధం చెప్పి అమ్మితే ఆ మాట అమ్మినాయన్ని కాపాడదు. కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద అది మోసం, 19వ సెక్షన్ కింద బేరాన్ని రద్దు చేసుకునే హక్కు మీది. ఆయనకు తెలుసని ఎలా రుజువు చేస్తాం? లాగ్‌బుక్‌తో. మొదటి పేజీలో 2009 అని ఉండి, తర్వాతి పేజీల్లో ఆయన సంతకాలుంటే తెలియదనడానికి వీల్లేదు.

అదే లాగ్‌బుక్ మీకూ అడ్డం తిరుగుతుంది. 26 లక్షలు పోసి మొదటి పేజీ తిప్పలేదా? పాత బండి కొనేవాడు కూడా ఆర్‌సీలో ఏ ఏడాది మోడలో చూస్తాడు. మీరు గంటలు చూశారు, ఏళ్లు చూడలేదు. చిన్న విమానాల్లో వాడే రోటాక్స్ 912 లాంటి ఇంజన్లలో కొత్త సీరియల్ నంబర్లకు ఓవర్‌హాల్ గడువు 2000 గంటలు లేదా 15 ఏళ్లు, ఏది ముందొస్తే అది. షెడ్డులో ఊరికే నిలబెట్టినా రబ్బరు గొట్టాలు అయిదేళ్లకు మార్చాల్సిందే.

ఈ అజాగ్రత్త దెబ్బ దావా వేయడానికున్న మూడేళ్ల గడువు మీద పడుతుంది. మోసం నవంబరులో బయటపడింది కాబట్టి మూడేళ్లు అప్పటి నుంచి అనుకోకండి. తగిన శ్రద్ధ పెడితే ఎప్పుడు తెలిసేదో అప్పటి నుంచే లెక్క అని లిమిటేషన్ చట్టం 17వ సెక్షనే చెబుతుంది. పుస్తకం మీ చేతికొచ్చిన రోజే తెలిసేదని అవతలి లాయరు వాదిస్తాడు. అందుకే 2026 ఆగస్టు 18నే మీ ఆఖరి రోజుగా పెట్టుకోండి.

ఇక ఆ మెకానిక్ మాట. పాత తేదీతో ఒక్క అక్షరం రాయించినా మీరు ఫిర్యాదుదారు కాదు, ఫోర్జరీ కేసులో ముద్దాయి. అమ్మినాయన మోసాన్ని రుజువు చేసే పుస్తకాన్ని మీ చేత్తో మీరే పాడుచేసుకున్నట్టు. పైగా ఆ ఇంజన్‌ని నమ్మి పైకెళ్లేది మీరు, మీ పక్క సీట్లో కూర్చునేది మీ బిడ్డో స్నేహితుడో. ఆ మనిషిని గుమ్మం తొక్కనివ్వకండి. పోలీసు కేసు సంగతి తర్వాత చూద్దాం, అది డబ్బు తెచ్చిపెట్టే దారి కాదు.

విమానం ఎగరేయకండి, ఇంజన్ విప్పకండి. మోసం తెలిశాక కూడా వాడుకుంటే బేరానికి ఒప్పుకున్నారంటారు. లైసెన్సున్న ఇంజనీరుతో రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. సీరియల్ నంబరు ప్లేటు, గొట్టాల మీద తేదీలు ఫొటోలు తీయించండి. మెసేజ్‌లకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టడానికి ఇచ్చే ధ్రువపత్రం) జతచేయాలి, దానికే ఆ ఫోన్ కావాలి.

విమానాల కొనుగోలు తగాదాలను 2015 కమర్షియల్ కోర్టుల చట్టం పేరు పెట్టి మరీ చేర్చింది. కాబట్టి దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి, అక్కడ గడిచే కాలం గడువులోంచి మినహాయిస్తారు. రాజీ కుదరకపోతే బేరం రద్దు చేసి డబ్బు ఇప్పించమని, కాదంటే నష్టపరిహారమైనా ఇప్పించమని కమర్షియల్ కోర్టులో దావా వేద్దాం. డబ్బు వెళ్లింది, మెసేజ్ అందింది గుంటూరులోనే కాబట్టి హైదరాబాద్ తిరగక్కర్లేదు.

రసీదు, సేల్ లెటర్, లాగ్‌బుక్, ఫోన్ తీసుకుని ఈ వారంలోనే మీ వకీలు దగ్గరికి వెళ్లి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించండి.