ఎనిమిది కణాల్లో రెండు పోయాయి... బిడ్డకు లోపమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 33 ఏళ్లు. మాది గుంటూరు బ్రాడీపేట. విజయవాడలో ఐవీఎఫ్ చేయించుకున్నాను. మూడో రోజు ఫ్రీజ్ చేసిన పిండాన్ని బయటికి తీస్తే ఎనిమిది కణాల్లో ఆరే బతికాయన్నారు. దాన్నే గర్భాశయంలో పెట్టి అయిదు రోజులైంది. పోయిన రెండూ చేతివో కాలివో అయితే? మా బంధువు ఒకావిడ అలాగే అంది. నిద్ర పట్టడం లేదు.

జవాబు: చేతివీ కావు, కాలివీ కావమ్మా. మూడో రోజు పిండంలో అలాంటి కణమే ఉండదు. చేతుల మొగ్గలు కనిపించేదే నాలుగో వారంలో. ఆ బంధువు మాట వదిలేయండి.

పెళ్లిలో వడ్డనకు దిగిన కుర్రాళ్లను చూసే ఉంటారు. పప్పు గిన్నె దగ్గరున్నవాడు పప్పు పట్టుకుంటాడు, పులుసు దగ్గరున్నవాడు పులుసు. ఇద్దరు రాకపోయినా బంతి ఆగదు. పిండంలోనూ నిలబడ్డ చోటును బట్టే పని. నాలుగో రోజుకు కణాలు ఒకదాన్నొకటి హత్తుకుని ముద్దవుతాయి. బయటి వరసలో పడ్డవి మాయ వైపు, లోపల చిక్కుకున్నవి బిడ్డ వైపు మళ్లుతాయి. పెత్తనం చేసేవారెవరూ ఉండరు, పక్క కణాల స్పర్శను బట్టి అవే సర్దుకుంటాయి. పోలండ్ శాస్త్రవేత్త తార్కోవ్‌స్కీ 1959లో రెండు కణాల చిట్టెలుక పిండంలో ఒకదాన్ని సూదితో పొడిచి చంపితే, మిగిలిన ఒక్క కణం నుంచే పూర్తి ఎలుక పిల్ల పుట్టింది.

ఈ సర్దుబాటుకూ హద్దుంది. కణాలు తగ్గాయని పిండం తన గడియారం ఆపదు. లోపల నీటి గది ఏర్పడే వేళకు కణాలు మరీ తక్కువైతే అన్నీ బయటి వరసకే సరిపోతాయి, లోపల బిడ్డకంటూ ఏమీ మిగలదు. 1967లో ఎనిమిది కణాల ఎలుక పిండాన్ని విడదీసి ఒక్కో కణాన్నీ పెంచినప్పుడు చాలావాటికి ఇదే జరిగింది. మీకు ఆరు మిగిలాయి. సగం బతికినా పిండం నిలిచినట్టే ల్యాబ్‌లు లెక్కేస్తాయి. అన్నీ బతికిన పిండంతో పోలిస్తే గర్భం నిలిచే అవకాశం కొంత తగ్గవచ్చు. నష్టం అంతవరకే, అవయవాలకు కాదు. క్రోమోజోముల లోపాలంటారా, వాటికి ఎక్కువగా అండం వయసే కారణం, ఈ రెండు కణాలు కాదు.

రాసిచ్చిన మందులు మానకండి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు అందులో ఉందో లేదో చూసుకోండి. మంచం దిగకుండా పడుకోనక్కర్లేదు, మెట్లెక్కితే పిండం జారిపోదు. రక్తపరీక్ష చెప్పిన తేదీనే చేయించండి, ముందే ఇంట్లో చూసుకుని కంగారు పడవద్దు. గర్భం నిలిస్తే 18-20 వారాల మధ్య స్కాన్ అందరికీ ఉన్నట్టే మీకూ ఉంటుంది. ఈలోగా తీవ్రమైన కడుపునొప్పి గానీ ఎక్కువ రక్తస్రావం గానీ కనిపిస్తే తేదీ కోసం చూడకుండా మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.