చీర మీద నుసి, ఫోన్‌లో పచ్చరంగు

ప్రశ్న: మాది మండపేట. డాబా మీద తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి నల్లటి నుసి. ఫోన్‌లో చూస్తే గాలి ‘బాగుంది’ అని పచ్చరంగు! ఏది నమ్మాలండీ?
– ఒక గృహిణి

జవాబు: చీరనే నమ్మండమ్మా. ఫోన్‌లో అంకె రాజమండ్రి కేంద్రంలో కొలిచింది కావచ్చు, మీ వీధిది కాదు. పైగా ఫోన్ చూపే ఆ గాలి నాణ్యత సూచీలో ధూళి లెక్క 24 గంటల సగటు. తెల్లవారుజామున గంటసేపు పొగ కమ్మినా అందులో కలిసిపోతుంది. ఇంకో తిరకాసు: చీర మీద కనిపించే నుసి ఆ లెక్కలోకే రాదు. సూచీ లెక్కపెట్టే పీఎం 2.5 అంటే వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు, అంతకన్నా చిన్న ధూళి కణాలు. కంటికి ఆనదు, ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. దానికి మన దేశంలో రోజు సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15.

నుసి పడిన పూట, గాలి వీచిన దిక్కు క్యాలెండర్ మీద రాయండి. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడే పడితే గడ్డి తగలబెట్టడం, ఏడాది పొడవునా ఒకే దిక్కు నుంచైతే రైస్ మిల్లు బాయిలర్‌లో ఊక కాల్చడం అనుకోవచ్చు. నేనూ పది రోజులు రాశాను. ఊరంతా మిల్లును తిట్టాం, చూస్తే మా పక్కవీధి చెత్తకుప్ప! మీరు రాసిన ఆ క్యాలెండర్ కాగితం జతచేసి కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు పెట్టండి.