రాయికి ముందు కాగితాలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

రెండో ప్రపంచయుద్ధంలో పోయిన ట్రినిడాడ్ పైలట్‌కి, లాంకాస్టర్ అనే బ్రిటిష్ బాంబరు నడిపినతనికి, మీ లింకన్‌షైర్ ఊళ్లో ఫలకం పెట్టే పని నీకు అప్పగించారని రాశావు. రాయి సంగతి తర్వాత, ముందు కాగితాలు చూడు.

యుద్ధంలో పోయినవాళ్ల సమాధులు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో సర్వీసు నంబరు, ర్యాంకు, స్క్వాడ్రన్ (వైమానిక దళం), సమాధి వివరం దొరుకుతాయి. సమాధి లేకపోతే కంగారుపడకు. ఆచూకీ దొరకని వైమానికుల పేర్లు, 20,000కి పైగా, సర్రేలోని రన్నీమీడ్ స్మారకం మీద ఉన్నాయి. పేరు చెక్కిన ప్యానెల్ (పలక) నంబరు రాసుకో. ఆ తర్వాత లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘ఎయిర్ 27’ దస్త్రాలు తియ్యి. అవి స్క్వాడ్రన్ల రోజువారీ పుస్తకాలు. ఆ రాత్రి ఏ విమానంలో ఎవరెవరు, ఎన్నింటికి గాల్లోకి లేచారో వాటిలో చూసుకోవచ్చు.

రెండూ పక్కపక్కన పెడితే తేడాలు వస్తాయి. తేదీతోనే పెద్ద పేచీ. 25 రాత్రి పదిన్నరకి లేచిన విమానం ఒంటిగంటకి కూలితే మరణం 26న. ఒక కాగితంలో 25 ఉంటుంది, ఇంకోదాంట్లో 26. “25/26 రాత్రి” అని చెక్కిస్తే గొడవ వదులుతుంది. ర్యాంకు కూడా అంతే. పుస్తకంలో ఫ్లైట్ సార్జెంట్, జాబితాలో పైలట్ ఆఫీసర్ అని ఉంటే రెండూ నిజమే కావచ్చు: ఆఫీసరు నియామకం బ్రిటిష్ ప్రభుత్వ పత్రిక లండన్ గెజిట్‌లో అచ్చయ్యేలోపే మనిషి పోయి ఉంటాడు. గెజిట్ చూసి ఖాయం చేసుకో.

స్క్వాడ్రన్ పేరు పట్టుకుని సొంతూరు తేల్చకు. జమైకా జనం బాంబర్లకి చందాలిచ్చారు కాబట్టి 139వ స్క్వాడ్రన్‌కి జమైకా పేరొచ్చింది. అందులో నావిగేటర్‌గా (దారి లెక్కగట్టేవాడిగా) ఎగిరిన అల్రిక్ క్రాస్‌ది ట్రినిడాడ్. మన నిజాం విమానాలకి డబ్బిస్తే 110వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరు పెట్టారు. దాని పైలట్లంతా పాతబస్తీ వాళ్లనుకుంటామా!

లాంకాస్టర్‌లో మామూలుగా ఏడుగురు. పైలట్ పేరు ఒక్కటే చెక్కిస్తే మిగతా ఆరిళ్ల వాళ్లూ బాధపడతారు, న్యాయమే. అందరి పేర్లూ ఒకే సైజులో వేయించు.

పన్నెండు వరసలు, 20 మిల్లీమీటర్ల అక్షరాలు అనుకుంటే 600 × 450 మిల్లీమీటర్ల పలక సరిపోతుంది, మందం 30. స్లేటు మంచిది, సున్నపురాయి మీద పాచి పట్టి అక్షరం మసకబారుతుంది. రంగు పూసిన అక్షరాలు వద్దు, పెచ్చులూడతాయి. లోతుగా చెక్కించు. బిగించే మేకులు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. చెక్కేముందు పూర్తి సైజు కాగితం నమూనా అడిగి గోడకి అంటించు. ఒకరు చివరి అక్షరం నుంచి వెనక్కి ఒక్కొక్కటే చదవాలి, ఇంకొకరు కాగితాలతో పోల్చి టిక్కు పెట్టాలి. ముందు నుంచి చదివితే కన్ను తప్పుని దాటేస్తుంది.

విమానం కూలిన చోట మట్టి తవ్వి ముక్కలు ఏరుతామని ఎవరైనా ఉబలాటపడితే ఆపు. బ్రిటన్‌లో సైనిక అవశేషాల రక్షణకి చేసిన 1986 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తవ్వడం నేరం.

ట్రినిడాడ్ హైకమిషన్‌కి మూడు నెలల ముందే ఉత్తరం రాయి. వాళ్ల జెండా 1962లో వచ్చింది, అతను దాన్ని చూసి ఉండడు. అయినా బంధువులు అడుగుతారు, పెట్టు. ఎర్రటి గుడ్డ మీద తెల్లంచు నల్లపట్టీ, కర్ర వైపు పైమూల నుంచి అవతలి కిందిమూలకి దిగాలి. తిరగేసి కట్టడం తేలిక. ముందురోజే కట్టి చూసుకో.