మట్టికి ఒక పరీక్ష, ఇనుముకి ఇంకొకటి

చిన్నా,

కరెంటు తీగలను మోసే పింగాణీ ఇన్సులేటర్ల పనిలో చేరుతున్నావని విని చాలా సంతోషించాను. "పగుళ్లన్నీ ఎడ్డీ కరెంట్ ప్రోబ్‌తోనే చూసేస్తారా పెదనాన్నా" అని అడిగావు కదా, ముందు అదే చెప్తాను. ప్రోబ్‌లోని తీగచుట్ట ఎదురుగా ఉన్న లోహంలో సుడులు తిరిగే కరెంటు పుట్టిస్తుంది, దారిలో పగులు ఉంటే సుడి చెదురుతుంది, ఆ తేడానే మీటర్‌లో కనిపిస్తుంది. కాల్చిన మట్టిలో కరెంటు పారదు కాబట్టి అసలు సుడే పుట్టదు, పింగాణీ నిలువునా చీలి ఉన్నా మీటర్ కదలదు. దాన్ని చూసి 'బాగుంది' అని సంతకం పెట్టేస్తావేమోనని నా భయం.

మట్టి విషయంలో సగం పని బట్టీకి ముందే అయిపోవాలి. ముద్దను బాగా పిసికి గాలి పోగొట్టు. అంచు త్వరగా ఆరి అడుగు పచ్చిగా ఉంటే బీట తప్పదు, అందుకే అంచుకి తడిగుడ్డ చుట్టి నెమ్మదిగా ఆరనివ్వు. కాల్చేటప్పుడు 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముద్దలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది, ఆ మెట్టు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తొందరపడకు. ఒకసారి నేను ఆత్రం కొద్దీ బట్టీ తలుపు ముందే తీశాను. లోపల్నుంచి టింగ్, టింగ్ అని చప్పుడు, చూస్తుండగానే వెంట్రుక లాంటి గీతలు పడ్డాయి. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ మర్చిపోలేదు.

చల్లారాక చెక్కముక్కతో తట్టి విను. గంటలా మోగితే మంచిదే, బొంగురుగా పలికితే పక్కన పెట్టు. సన్నని పగులు తట్టితే తెలియకపోవచ్చు, దానికి రంగుద్రవం పూసి, తుడిచి, డెవలపర్ అనే తెల్లపొడి చల్లితే గీత బయటికొస్తుంది.

ఇక ఇన్సులేటర్‌కి అమర్చే ఉక్కు పిన్ను, ఇనుప టోపీ, వీటికి అయస్కాంత పొడి పరీక్ష చాలా బాగా పనిచేస్తుంది: ముక్కను అయస్కాంతీకరించి ఇనుప పొడి చల్లితే, పగులు దగ్గర పొడి పోగవుతుంది. అయితే అయస్కాంత రేఖలకు అడ్డంగా ఉన్న పగులే బాగా కనిపిస్తుంది, రేఖల వెంటే సాగేది దాక్కుంటుంది, కాబట్టి రెండు దిశల్లోనూ అయస్కాంతీకరించి చూడాలి, ఒక్క దిశతో వదిలెయ్యకు.

ఎడ్డీ కరెంట్ వాడేటప్పుడు అదే లోహంతో చేసిన, గాటు లోతు తెలిసిన నమూనా మీద ముందు మీటర్ సరిచూసుకో. ఫ్రీక్వెన్సీ పెంచేకొద్దీ కరెంటు పైపైనే ఉంటుంది, 4 రెట్లు పెంచితే కరెంటు దిగే లోతు సగమవుతుంది. ప్రోబ్ కాగితమంత లేచినా మీటర్ కదులుతుంది, అది పగులనుకుని మంచి పిన్ను పారేయకు. చెయ్యి ఆనించి, నిలకడగా జరుపు.

మొదటి వారం ఏ ముక్క మీద అనుమానం వచ్చినా దాచి ఉంచు. నేను వచ్చినప్పుడు ఇద్దరం కలిసి కోసి చూద్దాం.

ప్రేమతో,
పెదనాన్న