జర్మన్ మాతృభాషగా గలవారు ఇంగ్లీషు వ్యాకరణంలో ముందుగా దేన్ని సాధన చేయాలి?

నా ఉద్దేశంలో ప్రెజెంట్ పర్ఫెక్ట్‌నే, అంటే ‘ఐ హావ్ సీన్’ లాగా ‘హావ్’తో వచ్చే క్రియారూపాన్నే. నిన్న జరిగిన పనిని జర్మన్ సంభాషణలో ‘ఇష్ హాబే ఈన్ గెస్టర్న్ గెజేయెన్’ అని ‘హాబెన్’ (ఇంగ్లీషు ‘హావ్’ లాంటిది) అనే సహాయక క్రియతో చెబుతారు కనుక, ఆ అలవాటు కొద్దీ ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అనేస్తారు. గడిచిపోయిన సమయాన్ని పేర్కొన్నప్పుడు ఇంగ్లీషులో ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’ అనే అనాలి. 2015 నుంచి ఒకే ఊళ్లో ఉంటున్న సంగతిని జర్మన్‌లో వర్తమాన కాలంలోనే చెబుతారు (ఆ మాటకొస్తే తెలుగులోనూ అంతే), ఇంగ్లీషులో మాత్రం ‘ఐ హావ్ లివ్డ్ హియర్ సిన్స్ 2015’ అనాలి. అందువల్ల, విడివిడి వాక్యాల్లో ఖాళీలు పూరించడం కంటే, ఒకే క్రియను ‘యెస్టర్‌డే’, ‘సిన్స్’, ‘ఆల్రెడీ’ వంటి కాలసూచక పదాలతో మార్చి మార్చి రాసి, పైకి చదవడం ఎక్కువ ఫలితమిస్తుంది. రెండూ ఒకే (జర్మానిక్) భాషా కుటుంబానికి చెందినవే కాబట్టి, ప్రాథమిక పదజాలానికి అంత శ్రమ అక్కర్లేదు.